పిట్ట కొంచెం, కూత అరువు

పిట్ట కొంచెమైనా కూత ఘనం అన్నారు పెద్దలు. ఆ కూత పిట్ట సొంతానిదే అయివుండాలని వేరే షరతు పెట్టలేదు. పెట్టక్కర్లేదనుకున్నారు. ముందు ముందు ఇలాంటి కార్ల కంపెనీలు బయల్దేరతాయని వాళ్లు కలగన్నారా పాపం!

2023లో ఇటలీవాళ్లు ‘అబార్త్ 500ఇ’ అని ఒక బుల్లి కరెంటు కారు బజార్లోకి వదిలారు. ముక్కు మీద తేలు బొమ్మ. ‘స్పోర్టీ’ అని బిరుదు. కరెంటు కారుకి ఇంజను మోత ఉండదు గదా! అదొక లోటని వాళ్లకి తోచింది. తోచిందే తడవుగా కారుకి ఒక లౌడుస్పీకరు బిగించి, పాత పెట్రోలు అబార్త్ మోత బయటికి వినిపించే ఏర్పాటు చేశారు. ఈ ఘనకార్యానికి ఆరువేల గంటల పైన శ్రమపడ్డామని కంపెనీవాళ్లే చాటుకున్నారు.

నెమ్మదిగా పోయేటప్పుడు కరెంటు కార్లు ఏదో ఒక చప్పుడు చెయ్యాలని యూరప్‌లో చట్టం ఉంది. అది న్యాయమే. చూపులేనివాళ్లకీ చిన్నపిల్లలకీ ఆ చప్పుడే రక్ష. నా తగువు దానితో కాదు, దర్పం కోసం పెట్టిన మోతతో.

ఇంతకీ ఆ తేలు ఎవరిదనుకున్నారు? కార్లో అబార్త్ అనే ఆయనది. పుట్టింది వృశ్చికరాశి గనక తేలు బొమ్మ పెట్టుకుని 1949లో కంపెనీ తెరిచాడు. ఆ కంపెనీకి పేరూ డబ్బూ తెచ్చిపెట్టినవి సైలెన్సర్లు. చిన్న ఫియట్ కొనుక్కున్న కుర్రాడు జీతంలో నాలుగు రాళ్లు మిగిల్చి ఆ సైలెన్సరు వేయించుకునేవాడు. ఇంకాస్త మిగిలితే, చెక్కపెట్టెలో సర్ది అమ్మే ఇంజను సామాను కొని బిగించుకునేవాడు. ఫియట్ 500 ఇంజనుకి అప్పట్లో పద్దెనిమిది గుర్రాల బలం. దాన్నే మెరుగుపరిచి 1963లో అబార్త్ తెచ్చిన ‘595’కి 27 గుర్రాలు. ఆ మోత వెనక అంత పని ఉంది. కుర్రాడు డబ్బిచ్చింది పనికి. బొమ్మ కొసరుగా వచ్చింది.

ఇప్పుడు కొసరే అసలైంది.

కరెంటు మోటారు తత్వం వేరండీ. తొక్కీ తొక్కగానే ఉన్న ఊపంతా ఇచ్చేస్తుంది. ఇంజను వేడెక్కేదాకా ఆగటం, గేర్లు మార్చటం, ఆ బాధలేవీ లేవు. వెనకటి మెకానిక్కులు రాత్రింబవళ్లు కుస్తీ పట్టి తెచ్చిన చురుకుదనం దీనికి పుట్టుకతోనే వచ్చింది. మామూలు ఫియట్ 500ఇకి 118 గుర్రాలు, తేలు బొమ్మ ఉన్నదానికి 155. బ్యాటరీ రెండిటికీ ఒక్కటే, 42 యూనిట్ల కరెంటు పట్టేది. నిలబడ్డ చోటి నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవటానికి ఫియట్‌కి తొమ్మిది సెకన్లు, తేలుకి ఏడు. పెద్ద చక్రాలూ గట్టి స్ప్రింగులూ ఇచ్చారు, కాదనను. కాని బ్రిటన్‌లో దాని ధర ఎంత నుంచి మొదలయిందో తెలుసా? 34,195 పౌన్లు! కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఆ అంకె చూస్తే, తేలు కుట్టకుండానే విషం ఎక్కుతుంది.

“బ్యాటరీ ఖరీదండీ, మేమేం చెయ్యం?” అంటారు. బ్యాటరీ ఖరీదైనదే. అయితే 2024లో బ్లూంబర్గ్ వాళ్లు వేసిన లెక్క ప్రకారం, ప్రపంచం మొత్తం మీద సగటున ఒక యూనిట్ కరెంటు పట్టే బ్యాటరీ ధర 115 డాలర్లు. 42 యూనిట్లకి 4,830 డాలర్లు. పౌన్లలో నాలుగు వేలు దాటదు. మిగతా ముప్ఫై వేలకి చిల్లర కూడా బ్యాటరీ ఖాతాలోనే రాస్తే ఎలా?

ఇది ఇటలీ బాగోతమే గదా, మనకెందుకంటారా? మన ఊళ్లో తిరిగే ఎం.జి. కార్ల సంగతి చూడండి. ఆ రెండక్షరాలూ ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గ్యారేజెస్‌వి. 1929లో ఆ గ్యారేజీవాళ్లు, మోరిస్ మైనర్ అనే చవక కారు సామానుతోనే ‘మిడ్జెట్’ అని రెండు సీట్ల బుల్లి బండి కట్టి 175 పౌన్లకి అమ్మారు. పరుగు సరదా అంతవరకు శ్రీమంతుల సొత్తు. దాన్ని మామూలు మనిషి వాకిట్లోకి తెచ్చింది గనకే ఎం.జి.కి ఆ పేరు. ఇప్పుడు ఆ పేరు చైనావారి చేతికి వచ్చింది, మన దేశంలో జిందాల్‌వారితో పొత్తు. 2023లో ఇక్కడ ‘కామెట్’ వచ్చింది. మొదటి ధర 7.98 లక్షలు, 42 గుర్రాలు. సందుగొందుల్లో తిరగటానికి బంగారంలాంటి బండి, పరుగు మాత్రం అడక్కూడదు. 2025లో ‘సైబర్‌స్టర్’ వచ్చింది. మూడున్నర సెకన్లలోపే వంద వేగం, ధర 74.99 లక్షలు. ఎనిమిది లక్షలకీ డెబ్భై అయిదు లక్షలకీ నడుమ మిడ్జెట్ కూచోవలసిన పీట ఖాళీగా ఉంది. ఆ లోటు తీర్చటానికేమో, కామెట్‌కే రంగురంగుల స్టిక్కర్లు అంటించి ‘గేమర్ ఎడిషన్’ అన్నారు. గుర్రాలు మాత్రం ఆ నలభైరెండే. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

రేపు ఈ బళ్లు అమ్ముడుపోకపోతే ఏమంటారో నాకు తెలుసు. “కుర్రకారుకి చిన్న కరెంటు కార్లంటే సరదా లేదండీ” అంటారు. సరదా లేకేం, స్తోమత లేదు! అందనంత ఎత్తున ఉట్టి కట్టి, పిల్లాడికి వెన్న సయించదంటే నమ్మమా? దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. కరెంటు కారంటే డబ్బున్నవాళ్ల ముచ్చట అని జనం మనసులో నాటుకుపోతే, పొగ మానిపించటం ఎవరి తరమూ కాదు.

మందు కొత్తది కానక్కర్లేదు, ఆ చెక్కపెట్టెలోనే ఉంది. మామూలు చిన్న కారుని మామూలు ధరకే అమ్మండి. గట్టి బ్రేకులు, మంచి టైర్లు, స్ప్రింగులు విడిగా ఉంచండి. కుర్రాడు ఈ ఏడాది ఒకటి, పై ఏడాది ఒకటి వేయించుకుంటాడు. తేలు బొమ్మ అంటిస్తే అంటించండి, దానికి వేరే బిల్లు వెయ్యకండి. ఆ లౌడుస్పీకరు మాత్రం విప్పి, ఏ పెళ్లిపందిరికైనా అద్దెకిచ్చుకోండి. అక్కడ దానికి పని ఉంటుంది.