రోగానికి లేని సరిహద్దు కార్డుకెందుకు?

ఆరు నెలలుగా దొడ్డికి వెళ్లినప్పుడల్లా రక్తం పడుతోంది. మొలలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? బయటికి వెళ్లేదే చెట్ల చాటుకు, అదీ తెల్లవారకముందు. రక్తం చూసిన ఒకరిద్దరు ఆడవాళ్లు నెలసరి రక్తమే అనుకున్నారు. మిరప కోతల్లో వంగి నిలబడలేక కూలబడ్డప్పుడు, మేస్త్రీ పక్క ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పంపాడు. ఆయన రెండు ఇంజెక్షన్లు, ఒక ట్యూబు మందు ఇచ్చాడు. మరో రెండు నెలలు అట్లా గడిచిపోయాయి.

ఆమెది చర్ల మండలంలో అడవి అంచున ఉన్న ఒక గుత్తికోయ గూడెం. పుట్టింది సుక్మా వైపు. సల్వాజుడుం రోజుల్లో ఊరు తగలబడితే 2006లో చంకన పిల్లతో నడిచి ఇటు వచ్చింది. గుత్తికోయ అన్న పేరు కూడా ఇక్కడివాళ్లు పెట్టిందే. అక్కడ వాళ్లు మురియాలు, షెడ్యూల్డు తెగ. సరిహద్దు దాటి ఇటు అడుగు పెట్టగానే వాళ్లు ఏమీ కాకుండా పోయారు. సల్వాజుడుం పేరుతో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జూలైలో తీర్పు చెప్పింది. అయితే ఆ తుపాకులకు భయపడి పారిపోయి వచ్చినవాళ్లు ఎక్కడ ఉండాలో, ఎవరి లెక్కలో ఉండాలో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు.

చివరికి మా కార్యకర్త ఒకామె పట్టుబట్టి భద్రాచలం తీసుకెళ్లింది. అక్కడ ఒక డాక్టరమ్మ గ్లవ్ తొడుక్కుని వేలితో పరీక్ష చేసింది. రెండు నిమిషాల పని. వేలికి గడ్డ తగిలింది. మలం నిలిచే చివరి పేగులో, అంటే పురీషనాళంలో, కేన్సర్ కావచ్చని, ముక్క తీసి పరీక్ష చేయించి హైదరాబాదు వెళ్లమని చెప్పింది. ఈ రెండు నిమిషాల పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఎనిమిది నెలల్లో ఒక్కరు చేసి ఉంటే బాగుండేది. ప్రభుత్వం ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఊరూరా చేయిస్తామంటున్న కేన్సర్ పరీక్షలు మూడింటికే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పేగు కేన్సర్ అందులో లేదు. కనుక రక్తం పడుతోందని ఆడమనిషి నోరు విప్పి చెప్పడం, విన్నవాళ్లు మొలలని కొట్టిపారేయకపోవడం, ఈ రెండే మనకున్న దారి.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. హైదరాబాదులో కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న, "ఆరోగ్యశ్రీ ఉందా?" లేదు. "రేషన్ కార్డు?" లేదు. "మీది ఏ రాష్ట్రం?" ఆమె తన గూడెం పేరు చెప్పింది. కౌంటరులో ఉన్నాయన నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు, తన ముందున్న కంప్యూటరులో ఆ గూడానికి గడి లేదు, అంతే.

ఇక్కడ ఒక మాట. అదే హైదరాబాదులో పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులకు ఒమన్ నుంచి, సూడాన్ నుంచి, యెమెన్ నుంచి రోగులు వస్తారు. వాళ్ల కోసం అరబ్బీ తెలిసిన దుబాసీలను జీతమిచ్చి పెట్టుకున్నారు. వైద్య వీసా అని ప్రత్యేకంగా ఒక వీసా ఉంది. అమెరికాలో బీమా చాలక, అక్కడి బిల్లులు భరించలేక మన తెలుగువాళ్లు కూడా సెలవు పెట్టి వచ్చి ఇక్కడ ఆపరేషన్లు చేయించుకుని వెళతారు. తప్పేం లేదు, రోగం వచ్చిన మనిషి చౌకగా, మంచిగా ఎక్కడ నయమవుతుందో అక్కడికి పోతుంది. కానీ మూడు వందల కిలోమీటర్ల అవతలి భద్రాచలం అడవి నుంచి వచ్చిన కోయ ఆడమనిషి మాట తెలిసిన దుబాసీ మాత్రం మాకు ఏ ఆసుపత్రిలోనూ కనబడలేదు. పరాయి దేశస్తురాలు ఎవరు, చెప్పండి?

నిజానికి మన ప్రాంతంలో సరిహద్దు దాటడానికి మనిషి కదలనక్కర్లేదు. సరిహద్దే కదిలి వస్తుంది. 2014లో పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను, కొన్నిటిని మొత్తంగా, కొన్నిటిని భాగంగా, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, గుండాల, పిచ్చుకలపాడు అటు పోయాయి. ఎటపాక ఆడవాళ్లు కూరగాయలకు, కాన్పుకు, జ్వరానికి భద్రాచలమే వస్తారు. కార్డు మాత్రం వేరే రాష్ట్రానిది. వాళ్ల జిల్లా కేంద్రం మొదట కాకినాడ అన్నారు, 2022లో పాడేరు అన్నారు. కేన్సర్ లాంటి పెద్ద జబ్బులకు ఆంధ్ర కార్డు మీద హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోని కొన్ని ఆసుపత్రుల్లో వైద్యం చేయించుకోవచ్చని 2019 నవంబరులో ఆ ప్రభుత్వం వెసులుబాటు ఇచ్చింది, 716 చికిత్సలకు. మంచిదే. కానీ పేగు ముక్క తీసి పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని పోయినవాళ్లకు కదా అది. ముక్క తీయించుకునే లోపే సగం మంది ఇల్లు చేరుకుంటారు.

గుత్తికోయలకు ఆ కార్డు కూడా లేదు. కొందరికి ఆధార్ ఉంది, కొందరికి ఓటు కూడా ఉంది. ఎన్నికలప్పుడు పనికొచ్చే మనిషి కౌంటరు దగ్గర పనికిరాకుండా పోతుంది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఏ రాష్ట్రం కార్డయినా దేశంలో ఎక్కడి ఆసుపత్రిలోనైనా చెల్లుతుందని రాసుంది. తెలంగాణ 2021లో అందులో చేరింది. అయితే ఆ పథకం మొదట జాబితా తీసుకున్నది 2011 సామాజిక ఆర్థిక గణన నుంచి. 2011 నాటికి వీళ్ల ఊళ్లలో చాలావాటిలో లెక్క రాసుకోవడానికి మనుషులు లేరు, గోడలే ఉన్నాయి. పారిపోయినవాళ్లు పుట్టిన రాష్ట్రం లెక్కలో లేరు, చేరిన రాష్ట్రం లెక్కలోనూ లేరు.

"వాళ్లు ఎస్టీలు కాదు కదా ఇక్కడ" అని అధికారులు అంటారు. చట్టం అదే చెబుతోంది, నిజమే. రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. 1990లో ఈ విషయం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది ఒక తెలుగు విద్యార్థే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరి, అక్కడ మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. నీ తెగ హోదా నీతో సరిహద్దు దాటి రాదని కోర్టు చెప్పింది. ఆనాడు అది మన పిల్లవాడికి అన్యాయంగా తోచినవాళ్లకు ఈనాడు గుత్తికోయ ఆమె విషయంలో న్యాయంగా ఎట్లా తోస్తోందో నాకు అర్థం కాదు.

స్థానిక కోయల భయం వేరు. వీళ్లను ఇక్కడ ఎస్టీలుగా గుర్తిస్తే భూమిలో, ఉద్యోగాల్లో తమ వాటా తగ్గుతుందని వాళ్ల ఆందోళన. దాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు, పోడు కోసం వాళ్లు ఎన్నేళ్లు కొట్లాడారో మనకు తెలుసు. కానీ ఆరోగ్యశ్రీ ఎస్టీ సర్టిఫికెట్ మీద నడిచే పథకం కాదు, పేదరికం మీద నడిచేది. తెగ ఏమిటన్న తగువు తేలేదాకా గడ్డ ఆగదు. ఈ రెంటినీ విడదీసి అడగడం మన సంఘాలు నేర్చుకోవాలి. ఇన్నాళ్లూ మేమూ రెంటినీ కలిపే అడిగాం, అది మా పొరపాటే అని ఇప్పుడు అనిపిస్తోంది.

మందుల సంగతి కూడా చూద్దాం. 2012 మార్చిలో మన హైదరాబాదు కంపెనీ నాట్కోకు కాలేయ, మూత్రపిండ కేన్సర్ మందు ఒకటి తయారు చేసుకోవడానికి పేటెంట్ల కార్యాలయం నిర్బంధ లైసెన్సు ఇచ్చింది. బేయర్ కంపెనీ నెలకు 2 లక్షల 80 వేలకు అమ్మే మందు 8,880 రూపాయలకు దిగింది. పురీషనాళ కేన్సర్‌లో వాడే కేపెసిటబిన్ బిళ్లలు కూడా ఇక్కడి కంపెనీలే చేస్తున్నాయి. 2022లో న్యూయార్కులో పన్నెండు మందికి ఆపరేషన్ లేకుండానే ఒక మందుతో ఈ గడ్డ కరిగిందని వార్త వచ్చింది. ఆ కటింగు పట్టుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అది ఒక ప్రత్యేకమైన జన్యులోపం ఉన్న కొద్దిమందికే పనిచేస్తుంది, దాని ధర గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. మామూలు వైద్యానికి మందు ఖరీదు చాలా తగ్గింది. తగ్గనిది దూరం ఖరీదు. కరెంటు పెట్టించుకోవడానికి, అంటే రేడియేషన్‌కు, వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు హైదరాబాదులో ఉండాలి. ఉండే చోటు, తోడు మనిషి, తోడు మనిషి పోగొట్టుకునే కూలి, ఇంటి దగ్గర పిల్లలు. రైలులో కేన్సర్ రోగులకు రాయితీ ఉంది. కానీ భద్రాచలం రోడ్ అని పేరున్న స్టేషన్ భద్రాచలంలో లేదు, నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. ఐదు రోజుల్లో ముగిసే రేడియేషన్ పద్ధతి కూడా ఉంది, దాని తర్వాత కీమో ఇచ్చి ఆపరేషన్ చేస్తారు. దూరం నుంచి వచ్చే ఆడవాళ్లలో ఎవరికి అది సరిపోతుందో డాక్టర్లను మనం అడగాలి. అడగకపోతే వాళ్లకు మన బస్సుల సంగతి తెలియదు.

ఆమె రేడియేషన్ మధ్యలో వారం రోజులు మానేసింది. చిన్నపిల్లకు జ్వరమని కబురొస్తే వచ్చేసింది. మధ్యలో ఆపితే పని చేయదని చెప్పారని తెలుసు. అయినా వచ్చింది. ఏ తల్లిని తప్పు పడతాం? బతిమాలి మళ్లీ పంపాం. అక్కడ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కార్డు లేకున్నా పేదరాలని చేర్చుకున్న పెద్ద డాక్టరు దయ వల్ల వైద్యం సాగింది. దయ అన్న మాట రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఆయన సెలవులో ఉన్న వారం ఆమె వరండాలో పడుకుంది.

తర్వాత ఆపరేషన్. గడ్డ మరీ కింద ఉండటంతో మలద్వారం మూసేసి పొట్ట మీద దారి పెట్టారు. ఇక జీవితాంతం సంచి. ఈ సంగతి మన పత్రికల్లో రాయం, సభల్లో మాట్లాడం. సంచి మార్చుకోవాలంటే నీళ్లు కావాలి, చాటు కావాలి. గూడెంలో చేతిపంపు కూడా లేదు, అటవీ భూమి అని బోరు వేయనివ్వరు. సంచులు అయిపోతే గుడ్డ, ప్లాస్టిక్ కవరు కట్టుకుంటోంది. ఎండకు చర్మం ఒరిసిపోయింది. రేడియేషన్ వల్ల గర్భాశయం, అండాశయాలు దెబ్బతిని నెలసరి ఆగిపోతుందని, యోని బిగుసుకుపోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సంతకం మాత్రం మొగుడి చేత పెట్టించారు. ఆయన ఇప్పుడు వేరే గూడెంలో ఉంటున్నాడు. వాసనట.

గల్ఫ్‌కు పోయిన మన ఆడవాళ్ల సంగతీ దీనికి దూరం కాదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పనికి కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లకు రక్తం పడితే యజమానురాలికి చెప్పరు, చెబితే టికెట్టు కొని తిప్పి పంపేస్తారని. దాచుకుని దాచుకుని, లేవలేని స్థితిలో దిగుతారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. చనిపోతే. జబ్బుతో బతికి వస్తే?

మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఏ రాష్ట్రం కార్డు ఉన్నా, ఏ కార్డూ లేకున్నా ఆయుష్మాన్‌లో అక్కడికక్కడే పేరు ఎక్కించే మనిషి ఒకరు భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో కూర్చోవాలి. ముక్క పరీక్ష హైదరాబాదు దాకా పోకుండా కొత్తగూడెంలోనో ఖమ్మంలోనో జరగాలి. 2022లో, 2023లో అక్కడ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి కదా, ఇంకెందుకు వాయిదా? జిల్లా ఆసుపత్రుల్లో పగటిపూట కీమో కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్లో చెప్పారు. మన రెండు జిల్లాలకు ఎప్పుడని రాతపూర్వకంగా అడుగుదాం. సంచులను ఉచిత మందుల జాబితాలో చేర్చాలి. ఒక కోయ ఆడపిల్లకు దుబాసీగా ఉద్యోగం ఇస్తే ఐటీడీఏ ఖజానా ఏమీ ఖాళీ కాదు. ఇట్లా ఇస్తే ఛత్తీస్‌గఢ్ మొత్తం ఇటు తరలి వస్తుందని ఒక అధికారి మాతో అన్నారు. సంచి కోసం, కరెంటు కోసం ఊరొదిలి వచ్చేవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఆమెకు మూడు వారాలకోసారి కీమో. రెండు విడతలయ్యాయి. మూడోది వచ్చే సోమవారం. శనివారం నాటికి బస్సు చార్జీలు పోగయ్యాయి, సంచులు పది దొరికాయి. తోడు ఎవరు వెళ్లాలో ఇంకా తేలలేదు, మిరప కోతలు మొదలయ్యాయి.