వేళకు వచ్చు పట్టిక, నిజము చెప్పు పట్టిక



కొంతకాలము క్రిందట శనగ విత్తు అదనున జరిగిన యొక సంగతిని ముందుగా మనవి చేసెదను. ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడి పల్లె నుండి నలుగురు రైతులు ట్రాక్టరు బాడుగకు మాట్లాడుకొని యెరువు కొరకు బయలుదేరిరి. నేనును వారితో నుంటిని. ఆనాటి యుదయము ఒక సంఘపు కంప్యూటరు పంపిన నిల్వల పట్టికలో రెండువందల బస్తాలు గలవని యుండెను. గిడ్డంగికి పోయి చూడగా ఒక్క బస్తాయైనను లేదు. విచారింపగా, మూడు దినముల అమ్మకములను ఎవరును నమోదు చేయలేదని తేలినది. యంత్రము మాత్రము ఆ పాత అంకెలనే ప్రతి యుదయము ఆరు గంటలకు తప్పక పంపుచుండెను.

“అదనెరిగి సేద్యము, పదనెరిగి పైరు” అని పెద్దల మాట. వర్షాధారపు శనగకు నేలలోని పదునే ప్రాణము. ఆ పదును మన పట్టికలు సరియగువరకు ఆగదు.

ఈ యేర్పాటు పని చేయు విధము కష్టమైనది కాదు. గుమాస్తా వ్రాసిన లెక్కలు ఒకచోట నుండును. నియమించిన వేళకు ఒక సాధనము మేల్కొని, ఆ లెక్కలను పట్టికగా కూర్చి, ఈ-మెయిలు ద్వారా పంపును. ఈ-మెయిలు 1971లో పుట్టినది. వేళకు పని చేయించు క్రాన్ అను సాధనము 1979 నాటి యూనిక్స్ లోనే కలదు. అది బడిగంట వంటిది. గంట వేళకు మ్రోగును. పిల్లలు పాఠము నేర్చిరో లేదో దానికి తెలియదు.

2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఇది మేలైన కార్యము. చేతివ్రాత లెక్కలకు మరలుదమని నేను చెప్పను. ఆ కాలమున నెలసరి పట్టిక సిద్ధమగునప్పటికి అదను దాటిపోవుటయు కలదు. కాని వేళకు వచ్చినదెల్ల నిజమని నమ్ముట వేరొక ప్రమాదము.

ఈ విషయమున వానలెక్క మనకు మంచి గురువు. మన దేశమున వర్షమాపకమును ఉదయము 8-30 గంటలకు చూచి వ్రాయుట నియమము. వాన లేనిచో సున్న వ్రాయవలెను. చూడనిచో చూడలేదని వ్రాయవలెను. నిన్నటి అంకెను నేడు తిరిగి వ్రాయరాదు. వాతావరణ శాఖవారు మంగళ, శుక్రవారములలో వెలువరించు వ్యవసాయ సూచనలలోను, ఏనాడు వెలువడినది, ఏ దినములకు వర్తించునది స్పష్టముగా నుండును. సంఘపు పట్టికకు మాత్రము ఈ మర్యాద యేల యుండరాదు?

కావున నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల సంఘ సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ మూడు సంగతులను కోరవలెనని నా యభిప్రాయము.

మొదటిది: ప్రతి పట్టిక తలపై, పంపిన వేళయే గాక, కడపటి నమోదు జరిగిన తేదీయు వేళయు నుండవలెను. ఆనాటి నమోదు జరుగనిచో, “నేటి లెక్క చేరలేదు” అని మాత్రమే రావలెను.

రెండవది: వారమునకొక పర్యాయము పాలకవర్గ సభ్యుడొకడు గిడ్డంగికి పోయి బస్తాలను స్వయముగా లెక్కించి, పట్టికతో సరిచూచి సంతకము చేయవలెను.

మూడవది: నిల్వలు, ధరల పట్టికను పెద్ద తెలుగు అక్షరములతో సంఘపు గోడపై అంటింపవలెను. కార్యదర్శి పెట్టెలో చేరిన ఈ-మెయిలు రైతుకు చేరినట్లు కాదు. సభ్యుల అప్పుల వివరములను మాత్రము గోడ కెక్కింపరాదు.

వీనికి ఖర్చు స్వల్పము. కావలసినది శ్రద్ధ. ఆనాడు మాతో వచ్చిన రైతులలో పెద్దవాడు తిరుగుదారిలో నన్నడిగెను: “అయ్యా, ఆ యంత్రమునకు తెలియదు సరే, తెలిసినవాడెవడైనను ఆ కాగితము చదివెనా?” ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. ప్రతి సంఘమును ఆ జవాబును సిద్ధము చేసికొనుగాక.