నిపుణకుడికి పీట, 116కు గడప బయటా?

ఉత్తమ తెలుగు చిత్రాల జాబితా ఎవరు కూర్చినా అందులో మల్లీశ్వరి ఉంటుంది, మాయాబజార్ ఉంటుంది, శంకరాభరణం ఉంటుంది. ఉండవలసినవే, వాటితో నాకు పేచీ లేదు. అపరాధ పరిశోధన చిత్రాలకు మాత్రం ఆ పంక్తిలో విస్తరి వేయరు. ఏమండీ అని అడిగితే "అవి ఉత్త కాలక్షేపానికండీ" అంటారు. ఈ మాట మరెవరైనా అంటే ఊరుకుందును. అలంకారశాస్త్రం చదువుకున్న నా తోటి పండితులే అంటున్నారు. కనుకనే ఈ టపా.

భరతుడు చెప్పిన ఎనిమిది రసాలలో భయానకం ఉన్నది, అద్భుతమూ ఉన్నది. విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రచించినది మా ఓరుగల్లు కొలువులోనే. ఆ గ్రంథం వల్లించి పరీక్షలు నెగ్గినవారు తెర మీది భయానకాన్ని చూసి ముక్కు చిట్లించడమేమిటో నాకు బోధపడదు.

పోనీ, ముద్రారాక్షసం సంగతి చూడండి. నిపుణకుడనే చారుడు యమపటం పట్టుకొని, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతాడు. చందనదాసు ఇంట దొరికిన రాక్షసమంత్రి ఉంగరం తెచ్చి చాణక్యుడి చేతిలో పెడతాడు. ఆ ముద్రతో ఒక దొంగ ఉత్తరం తయారవుతుంది. అక్కడినుండి రాక్షసుడి ఎత్తులన్నీ ఒక్కటొక్కటిగా తలకిందులు! ప్రణయం లేదు, నాయకుడికి విరహం లేదు. ఉన్నదంతా వేగు, మారువేషం, కుట్ర, ప్రతికుట్ర. దీన్ని మహానాటకమని దశాబ్దాల తరబడి పాఠం చెప్పాము. అదే పని కోటు తొడుక్కున్నవాడు చేస్తే చౌకబారు అయిపోయిందా?

ఆ కోటు తొడుక్కున్నవాడు 1966లో వచ్చిన 'గూఢచారి 116'. కృష్ణ, జయలలిత నటించారు, మల్లికార్జునరావు దర్శకుడు. రచన ఎవరిదో తెలుసునా? ఆరుద్రది. 'త్వమేవాహం' రాసిన ఆరుద్ర, 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంపుటాలు కూర్చిన ఆరుద్ర. ఆ చేత్తోనే 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' రాశాడు. పడమటి దేశపు కౌబాయిని గుర్రంతో సహా తెచ్చి, తెల్లదొరల కాలపు సంస్థానాల నిధి కథలో నిలబెట్టాడు. సంపుటాలను బీరువాలో భద్రంగా దాచుకుని, ఈ రచనలను ఆయన కడుపుకోసం చేసిన పనిగా కొట్టిపారేసేవారు నాకు తెలుసు. ఆ విభజన మనం చేసినదే సుమా!

కథ పరాయిదన్నది ఇంకొక ఆక్షేపణ. నిజమే, 116కు మూలం ఫ్రెంచి చిత్రమే. మరి నన్నయగారి భారతానికి మూలం ఏ భాషలో ఉన్నది? తెచ్చిన వస్తువును తెలుగు నేల మీద ఎట్లా నిలబెట్టాడన్నది కదా మనం అడగవలసిన ప్రశ్న.

క్లబ్బు నృత్యాలు, అతకని హాస్యం, అట్టముక్కల రహస్య స్థావరాలు ఈ చిత్రాలలో లేవనను. కాని డబ్బు లేనిచోట బుర్ర పనిచేయక తప్పదు. వంశీ 'అన్వేషణ' (1985) చూడండి. ఒక అడవి, నలుగురైదుగురు మనుషులు. వరుసగా చావులు, అదంతా పులి పని అని జనం నమ్మకం. పక్షుల కూతలకూ సంగీతానికీ గల సంబంధం తెలుసుకోవడానికి వచ్చిన ఒక పరిశోధకురాలు. చెవి ఒగ్గి వినడం వృత్తిగా గల పాత్రను భయం మధ్యకు తేవడంలోనే ఉన్నది చమత్కారమంతా. ఎం.వి. రఘు కెమెరా, ఇళయరాజా వాద్యసంగీతం ఆ చెట్లలోనే అనుమానాన్ని మొలిపించాయి. ఇప్పుడు జనానికి దాని పాటలు మాత్రమే గుర్తు. ముందటి ఏడాది వచ్చిన 'సితార'కు జాతీయ పురస్కార గౌరవం, దీనికి "బాగానే ఉంటుంది" అన్న దయాధర్మం! హంతకుడెవరో నేను చెప్పను. చూడనివారు ఇంకా ఉన్నారు.

యుద్ధచిత్రాల గతీ అంతే. యుద్ధమంటే ఏనుగులూ కోటలూ వేలమంది సైన్యమూ అనుకుంటాము. మా వరంగల్లుకు అట్టే దూరం లేని కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగినప్పుడు ఏ ఏనుగులున్నాయి? ఆ పోరాటాన్ని గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు మెదకు జిల్లా పల్లెలో, నలుపు తెలుపుల్లో, కొద్దిపాటి సొమ్ముతో 'మాభూమి'గా తీశారు. 1980లో విడుదలైంది. దాన్ని "ఆర్టు సినిమా" అని గౌరవించి గూట్లో పెట్టాము. తెలుగులో వచ్చిన గట్టి యుద్ధచిత్రాలలో అది ఒకటని మాత్రం ఎవరూ అనరు.

జాబితాలదేముంది, పట్టించుకోకపోతే పోయె అనవచ్చు మీరు. పోదు. ఏ ఫిల్ముకు మరమ్మతు చేయించాలో, దేన్ని డబ్బాలో కుళ్ళనివ్వాలో నిర్ణయించేది ఈ గౌరవమే. పాత ఎసిటేటు ఫిల్ము పాడవుతుంటే పుల్లటి సిర్కా వాసన కొడుతుంది. ఆ వాసన మొదలయ్యాక దాన్ని వెనక్కు తేవడం ఎవరి తరమూ కాదు. 'మోసగాళ్ళకు మోసగాడు' 2023 మే 31న, కృష్ణ పోయిన తరువాత వచ్చిన తొలి జయంతినాడు, 4కె మెరుగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. సంతోషం. అది అభిమానుల బలం, కుటుంబం బలం. అదే కె.ఎస్.ఆర్. దాసు 1970లో విజయలలితను పోరాటనాయికగా నిలిపి తీసిన 'రౌడీ రాణి'కి అటువంటి బలగమేదీ?

మిత్రులారా, మీ ఇళ్ళలో అటకల మీద అట్టపెట్టెలు దింపండి. ఈ చిత్రాల పాటల పుస్తకాలు, కరపత్రాలు, పత్రికలనుండి కత్తిరించిన సమీక్షలు ఉంటే స్కాను చేసి మీ బ్లాగులలో పెట్టండి. నా దగ్గర ఉన్న పదకొండు పాటల పుస్తకాలు వచ్చే టపాతో మొదలుపెడతాను.