ఇంటికి సైకిల్‌ట్యూబు వైద్యం

పైపు కారితే సైకిల్‌ట్యూబు ముక్క చుట్టి పురికొసతో బిగించడం, ప్లగ్గు విరిగితే వైర్లు రెండూ సాకెట్‌లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చడం, బాత్రూమ్‌లోకి దోమలు వస్తున్నాయని వెంటిలేటర్‌కు టీవీ డబ్బాలోని థర్మకోల్ అడ్డం పెట్టడం... ఇలాంటి తెలివితేటల్లో మనల్ని మించినవాళ్లు లేరు. తాడేపల్లిలో ఏ ప్లంబర్‌నో, ఎలక్ట్రీషియన్‌నో కదిలించి చూడండి. పాత డాబా ఇళ్లలోనే కాదు, 2014 తర్వాత రాజధాని పేరు చెప్పి లేచిన అపార్ట్‌మెంట్లలోనూ ఈ వైద్యమే నడుస్తోందని నవ్వుతూ చెబుతారు. మనమూ నవ్వుకోవచ్చు. కాకపోతే చిక్కల్లా ఒకటే: ఈ మరమ్మతులు బాగానే పనిచేస్తాయి. అందుకే వాటి సంగతి మరిచిపోతాం.

ఆ సైకిల్‌ట్యూబు సంగతే చూడండి. కుళాయి వచ్చేటప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతూ బయటి తడిని లోపలికి లాగుతుంది. మోటారు బిగిస్తే ఇంకా బాగా లాగుతుంది. ఆ కట్టు పక్కనే మురుగుకాలువ ఉంటే మర్నాడు మన బిందెలోకి వచ్చేదేమిటో వేరే చెప్పాలా? 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, పలువురు ప్రాణాలు కోల్పోయారు. అది వీధి గొట్టాల సంగతి. మన గేటు లోపలి పైపుకు వేరే సూత్రమేమీ ఉండదు.

థర్మకోల్ కథ ఇంతకన్నా ప్రమాదం. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో గాలి ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తల తిరుగుతోందని గ్రహించేలోపే మనిషి కూలిపోతాడు. అసలు ఆ గీజర్ బాత్రూమ్ బయట ఉండాలి.

ఇక కరెంటు. ఫ్యూజు పోయినప్పుడల్లా పాత వైరులోని రాగి తీగ చుట్టేస్తాం. అది కరగదు, దాని బదులు గోడలోని వైరు కాలుతుంది. ఎంసీబీ ఉందిగా అని ధీమా పడేవారూ ఉన్నారు. ఎంసీబీ కాపాడేది వైరింగును. షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి. ఆ బటన్ ఎందుకుందో తెలియని ఇళ్లే ఎక్కువ.

అమెరికాలో మన పిల్లలు ఇల్లు కొనేముందు ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించి అటక నుంచి పునాది దాకా చూపిస్తారు. ఇక్కడ పాత ఫ్లాటు కొనేటప్పుడు మనం వాస్తు చూపిస్తాం, ఎర్తింగ్ చూపించం. పోనీ, ఈశాన్యం చూడటానికి వచ్చే పెద్దమనిషితోపాటు ఒక ఎలక్ట్రీషియన్‌నూ తీసుకెళితే పోయేదేముంది? ఒక పూట కూలి.

మనకూ ఒక తనిఖీ ఉంది. గ్యాస్ ఏజెన్సీ మనిషి అయిదేళ్లకోసారి ఇంటికొచ్చి చూడాలి. చాలా ఇళ్లలో గుమ్మంలోనే సంతకం పెట్టి పంపేస్తారు. ఈసారి వంటింటి దాకా రానివ్వండి. ఈలోగా సిలిండర్ గొట్టం మీద ముద్రించిన సంవత్సరం చూడండి, అయిదేళ్లు దాటితే మార్చాల్సిందే. లీకు అనుమానం ఉంటే అగ్గిపుల్ల గీయకండి, సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. గుప్పున వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి.