గాజుతొట్టెలో నాలుగాకుల మొక్క

గత సంవత్సరము మన ప్రకృతిశాస్త్రపు గదిలో చేపలకై గాజుతొట్టె నొకదానిని అమర్చినప్పుడు, దాని ముందుభాగమున ప్లాస్టిక్ గడ్డి పరచవలెనా, సజీవమైన మొక్కను నాటవలెనా యను చర్చ పుట్టెను. ప్లాస్టిక్ గడ్డి చావదు, ఖర్చు ఒక్కసారియే యని తలిదండ్రులలో కొందరు సెలవిచ్చిరి. వారి మాటలో లోకజ్ఞానము లేకపోలేదు. అయినను పిల్లలు పరిశీలించుటకై పెట్టిన తొట్టెలో పరిశీలింపదగినది ఏమియు లేకుండుట నాకు సమ్మతము గాదు.

నేను కోరిన మొక్క మన వరిపొలములలోను చెరువుల అంచులను ప్రాకు మార్సీలియా. బాలురు దీనిని పులిచింత యని భ్రమపడుదురు. పులిచింతాకునకు మూడే రెక్కలు, దీనికి నాలుగు. పులిచింత పసుపుపచ్చని పూవులు పూయును. ఇది ఎన్నడును పూయదు, ఏలయన ఇది ఫెర్ను జాతికి చెందినది. విత్తనములకు మారుగా మినపగింజంత గట్టి కాయలలో సిద్ధబీజములను దాచుకొనును. చెరువెండి నేల బీటలు వారినను అవి ఏండ్లతరబడి నిద్రించి, నీరు తగిలినప్పుడు మేల్కొనును. రాత్రివేళ దీని ఆకులు ముడుచుకొనును. చరకసంహితలో శాకములనడుమ సునిషణ్ణక మను పేర చెప్పబడినది ఇదియే.

ఇక నా పొరపాటు చెప్పవలెను. గట్టున నున్న తీగను తెచ్చి నీటిలో నాటితిని. పది దినములలో ఆకులన్నియు పసుపువారి కుళ్లెను. మొక్క చచ్చినదని నిశ్చయించి పెరికి పారవేయించితిని. తొమ్మిదవ తరగతి బాలు డొకడు ఆ తీగముక్కలను గాజుసీసాలో దాచెను. నెల తిరుగకమునుపే వానినుండి పొట్టి కాడలపై ఒంటి రెక్కతో క్రొత్త యాకులు పుట్టెను! గాలిలో పెరిగిన యాకు నీట మునిగినచో నశించుననియు, నీటికి తగిన చిన్న యాకులను తీగ మరల వేయుననియు పుస్తకమున చదివియు నేను ఓపిక పట్టనైతిని. నేడు తొట్టె ముందుభాగమున పచ్చని తివాచి పరచినది ఆ బాలుని తీగలే. దీనికి బొగ్గుపులుసు గాలిని ప్రత్యేకముగా ఎక్కించ నక్కరలేదు. మితమైన వెలుతురు, ఇసుకక్రింద కొంచెము బలమైన మన్ను చాలును. కలుపుమందు చల్లిన పొలమునుండి మాత్రము తేరాదు.

పోలికను చూచి తెలిసినదనుకొనుట ప్రమాదము. 1861లో ఆస్ట్రేలియా యెడారిలో బర్కు, విల్సు అను అన్వేషకులు ఈ జాతిదే యగు నార్డూ కాయల పిండి తిని క్షీణించి మరణించిరి. అందు విటమిన్ బి1ను నాశనముచేయు పదార్థము కలదు. అచ్చటి ఆదివాసులు దానిని తగినవిధమున శుద్ధిచేసి భుజించెడివారు. వారి యాశ్రయము పొందిన కింగు ఒక్కడే బ్రతికి బయటపడెను.

మరియొక మాట. తొట్టెలోని మిగులు తీగలను, ముఖ్యముగా అంగట కొన్న విదేశపు మొక్కలను, కాలువలో పారవేయకుడు; ఎండబెట్టి కాల్చుడు. దక్షిణ అమెరికానుండి అలంకారమునకై తెచ్చిన గుర్రపుడెక్క నేడు మన కాలువలను ఎట్లు క్రమ్మినదో మీరెరుగుదురు.

వేసవి సెలవులలో తొట్టెకు నీరు మార్చు పని ఎవరిదో ఇంకను నిర్ణయింపబడలేదు. ఇష్టమున్నవారు పరీక్షలు ముగియకమునుపే నాతో చెప్పవలెను.