చూరులో పురుగుమందు, పెరట్లో పాత తలుపు

మన పల్నాడు, గుంటూరు ప్రాంతపు పల్లెల్లో ఏ వీధికి వెళ్ళినా ఎక్కడో ఒకచోట పాత పెంకుటిల్లు విప్పుతూ కనబడుతుంది. స్లాబు ఇల్లు కట్టుకోవాలనుకోవడం తప్పు కాదు. కాగా, విప్పిన ఇంటి కలప ఏమవుతున్నదో చూస్తే బాధ కలుగుతుంది. టేకు ద్వారబంధాలు, దూలాలు పాతకలప వ్యాపారి బేరమాడి పట్టుకుపోతాడు. ఆయన వద్దన్న సరుకు, అంటే అడుగు పుచ్చిన తలుపు రెక్కలు, అటక చెక్కలు, వంకర వాసాలు, పెరటి గోడకు ఆనించి ఉంటాయి. రెండు వానలు తడిసిన తరువాత పొయ్యిలోకి పోతాయి.

అదే ఇంటి వెనుక ట్రాక్టరు నిలిపే రేకుల షెడ్డులోకి ఒకసారి తొంగిచూడండి. పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బాలు చూరులో దోపి ఉంటాయి. స్ప్రేయరు పక్కనే విత్తనాల సంచి, దానిపైన పిల్లవాడి చొక్కా. పనికివచ్చే చెక్క పొయ్యిపాలు కావడం, విషానికి ఒక చోటంటూ లేకపోవడం, ఈ రెండూ ఒకే ఇంట్లో జరుగుతున్నాయి.

ఎవరినో వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. మూడేళ్ళ క్రితం మా ఇంట్లోనే జరిగింది. డబ్బా మూత విరిగిందని, మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి షెడ్డు వాసానికి వేలాడగట్టినవాణ్ణి నేనే. వేసవి సెలవులకు వచ్చిన మనుమడు ట్రాక్టరు చక్రం పైకెక్కి దాన్ని అందుకున్నాడు. మూత బిగుసుకుపోయి రాలేదు. "తాతయ్యా, తీసిపెట్టు" అని నా దగ్గరకే తెచ్చాడు. ఆ మూత కాస్త వదులుగా ఉంటే నలుగురిలో తలెత్తే ముఖం నాకు ఉండేది కాదు. బీహారులో సారణ్ జిల్లా బడిలో 2013 జూలైలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పసివాళ్ళు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినట్లు పరీక్షలో తేలింది. ఆ వార్త చదివి అయ్యో అనుకున్నవాణ్ణే, సీసాలో మందు పోశాను.

మర్నాడే వడ్రంగిని పిలిచాను. కొత్త ఇనుప బీరువా కొనాలంటే వేలతో పని. మా పెరట్లో పాత తలుపు రెక్కలు రెండు ఉన్నాయి. అడుగున పుచ్చినంతవరకు కోసివేయగా నాలుగున్నర అడుగులు మిగిలాయి. అవే అలమరకు తలుపులయ్యాయి. ద్వారబంధం ముక్కలు కాళ్ళయ్యాయి. మోటారు వచ్చిన చెక్కపెట్టెను విప్పి పక్కలకు, వెనుకకు కొట్టాడు. అరలకు కూడా చెక్కే వేయబోతే నేను వద్దన్నాను. మందు ఒలికితే చెక్క పీల్చుకుంటుంది, ఆ వాసన ఎన్నాళ్ళకూ వదలదు. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి పరచని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? పాత వసారాలో తీసిన బండలు రెండు అరలుగా పనికివచ్చాయి. బరువు ఎక్కువ కనుక వాటి కింద వాసం ముక్కలు అడ్డంగా బిగించాలి. ఇది మరచిపోతే బండ పగిలి డబ్బాల మీద పడుతుంది.

చెదల సంగతి అందరికీ తెలిసిందే. కాళ్ళ చివరలకు తారు పూసి, కింద నాపరాతి ముక్కలు పెట్టాము. గోడకు జానెడు ఎడంగా నిలబెట్టాము. చెదమట్టి లేస్తే కంటికి కనబడాలి కదా. పైభాగాన గాలి ఆడడానికి పాత జల్లెడ వల కొట్టాము. బందులు, గొళ్ళెం, తాళం, మేకులు మాత్రం కొత్తవి. పాత మేకులు సాగగొట్టి వాడదామని నేను ఒక పూటంతా సుత్తి పట్టుకు కూర్చున్నాను. వేలు నలిగింది తప్ప పది మేకులు తేలలేదు. ఆ పొదుపు ఎవరూ చేయవద్దు. వడ్రంగి రెండు రోజుల కూలితో సహా మొత్తం రెండున్నర వేలు దాటలేదు.

పాతది కదా అని ప్రతిదీ వాడరాదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని. పాత తలుపుల రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి దాన్ని కాల్చి, గీకి తీయడం కంటే పైన కొత్త రంగు వేయడం మేలు.

సర్దడంలోనూ ఒక వరుస ఉంది. ద్రవపు మందులు కింది అరలో, పొడి మందులు పై అరలో ఉండాలి. సీసా కారితే పొడి పాడుకాదు. కింద ఓటి పడని పాత ఇనుప గమేళా ఒకటి ఉంచితే ఒలికినది అందులోనే నిలుస్తుంది. కలుపుమందు వేరే మూల ఉండాలి. విత్తనాలు, దాణా, డీజిలు దాని దరిదాపుల్లో ఉండరాదు. ఏ మందూ సొంత డబ్బాలోంచి మారరాదు. డబ్బా మీది చదరపు గుర్తు రంగును బట్టి విషం తీవ్రత తెలియాలని 1971 నియమావళిలోనే పెట్టారు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నది కూడా విషమే.

"తాళం వేస్తే అన్నీ ఆగుతాయా?" అని మా రచ్చబండ దగ్గర ఒకరు అడిగారు. ఆగవు. శ్రీలంకలోని అనురాధపురం జిల్లాలో 180 గ్రామాలు తీసుకుని, సగం గ్రామాల ఇళ్ళకు తాళంపెట్టెలు ఇచ్చి చూశారు. మనస్తాపంతో విషం తాగడం వాటివల్ల తగ్గినట్లు కనబడలేదని 2017లో ప్రకటించారు. ఆ బాధకు అప్పు, పంట ధర, ఇంట్లో పలకరించే మనిషి చూడాలి. వడ్రంగి చేసేది కాదు. కాని పసివాడి చేతికి సీసా అందకుండా చేయడం మన చేతిలో పని. దానికి కూడా పెద్ద ఆలోచన కావాలా?

2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలవబడుతున్నవి ఊరూరా ఉన్నాయి. ఎరువులు, మందులు గురించి చెప్పే ఆ చోటనే పాతకలపతో చేసిన అలమర ఒకటి నమూనాగా నిలబెడితే రైతులు చూసి పోతారు. కాగితం మీది బొమ్మ కంటే ఎదురుగా ఉన్న పెట్టెను చూసి వడ్రంగి త్వరగా పట్టుకుంటాడు. వ్యవసాయ శాఖ అధికారులు ఈ విషయం ఆలోచించాలి. ఈలోగా ఇల్లు విప్పుతున్నవారు రెండు తలుపు రెక్కలను పొయ్యికి దూరంగా ఉంచుకుంటే సరి.

మా అలమర తాళంచెవి మా ఆవిడ దగ్గర ఉంటుంది. మందు కొట్టే రోజు నేను అడిగి పుచ్చుకోవాలి. సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కుని వస్తేగాని ఆమె దాన్ని తిరిగి తీసుకోదు.