వృద్ధుల తరఫున ప్రభుత్వాన్ని అడిగేదెవరు?

2024 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఆదేశంతో ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు పింఛన్ల పంపిణీకి దూరమయ్యారు. ఒకటో తారీఖు తెల్లారేసరికి గుమ్మంలోకి వచ్చే డబ్బు కోసం ముసలివాళ్లు మండుటెండలో సచివాలయాల దాకా నడవాల్సి వచ్చింది. నడవలేని కొందరిని మంచాలమీద మోసుకెళ్లారు. మే నెలలో బ్యాంకు ఖాతాల్లో వేస్తే ఆ వరసలే బ్యాంకుల ముందుకు మారాయి. వడదెబ్బకు కొందరు చనిపోయారన్న వార్తలు వచ్చాయి, పాపం మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఎన్నికలయ్యాక జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇంటింటికీ తిరిగి పింఛన్లు ఇచ్చారు. ఏప్రిల్‌లోనూ ఆ ఉద్యోగులు అక్కడే ఉన్నారు. మరి అప్పుడెందుకు పంపలేదు? ఈ ప్రశ్న గట్టిగా వేసినవాళ్లందరికీ ఆ ఎన్నికలతో ఏదో ఒక పని ఉంది. ఫైలు తెప్పించుకుని, నిర్ణయం తీసుకున్న అధికారిని పిలిచి, రాతపూర్వకంగా జవాబు రాబట్టగల మనిషి, ఓట్లతో పనిలేని మనిషి ఒక్కరూ లేకపోయారు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మైనారిటీలకు కమిషన్లున్నాయి. వికలాంగులకు చట్టబద్ధమైన కమిషనర్ ఉన్నారు. అరవై దాటినవాళ్ల కోసం తెలుగు రాష్ట్రాల్లో అలాంటి పదవి ఒకటి రావాలి, దాని ముఖ్యమైన పని ప్రభుత్వాన్ని నిలదీయడం కావాలి.

ప్రభుత్వాన్ని అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. వృద్ధుల మాట ఎత్తగానే మన చర్చ కొడుకులూ కోడళ్ల మీదికి పోతుంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం కూడా ఎక్కువగా ఆ దారినే నడిచింది. ఆర్డీవో ట్రిబ్యునల్‌గా కూర్చుని పిల్లలు ఇవ్వాల్సిన భరణం తేలుస్తారు, అది నెలకు 10,000 రూపాయలు దాటకూడదు. ఈ పరిమితి ఎత్తేయడానికి 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ఆ సభతోపాటే మురిగిపోయింది. చట్టంలోని సెక్షన్ 23ను కొంచెం దగ్గరగా చూద్దాం. తండ్రి ఉన్న రెండెకరాలూ కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాస్తాడు. తన్ను చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, కొడుకు చూడకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును చెల్లదనవచ్చు. షరతు లేనిదే ఈ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2022లో సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టాన్ని వృద్ధుల వైపు నుంచి ఉదారంగా చదవాలంది, అయితే ఆ తల్లి దగ్గర కొడుకు విడిగా రాసిచ్చిన వాగ్దాన పత్రం ఉంది. మొత్తానికి ముసలాయన చివరి రోజులు కాగితం మీద ఒక్క వాక్యాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చున్న డాక్యుమెంట్ రైటర్‌కు ఆ వాక్యం సంగతి తెలియొచ్చు, తెలియకపోవచ్చు. పక్కన నిలబడ్డ కొడుకు మాత్రం అది రాయమని చెప్పడు.

అరవై దాటినవారు గిఫ్ట్ డీడ్ రాస్తుంటే వారిని ఒంటరిగా కూర్చోబెట్టి షరతు కావాలా అని అడగాలంటూ రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి ఒక్క సర్క్యులర్ వెళితే ఎన్నో కేసులు పుట్టనే పుట్టవు. ఆ సర్క్యులర్ తెప్పించే పని ఆర్డీవోది కాదు. భూసేకరణ, పంట నష్టం, ప్రొటోకాల్, ఎన్నికల మధ్య ఆయన ముందుకు ఒక్కో తండ్రి ఒక్కో అర్జీతో వస్తాడు, ఆయన ఆ ఒక్క అర్జీనే తేలుస్తారు. 14567 హెల్ప్‌లైన్ మంచిదే, దానికి తొలి అడుగు పడింది హైదరాబాద్‌లోనే. ఫోనెత్తినవాళ్లు ధైర్యం చెప్పగలరు, ఫిర్యాదును ఆయా శాఖకు పంపగలరు. ఆ శాఖే ఫిర్యాదుకు కారణమైతే వాళ్లు చేయగలిగింది లేదు.

ఈ ఖాళీని ముందుగా పట్టుకున్నది వేల్స్. 2006లో చట్టం చేసి 2008లో వృద్ధుల కమిషనర్‌ను నియమించింది. స్థానిక సంస్థలు, ఆరోగ్య బోర్డులు అరవై దాటినవారి విషయంలో తమ పని ఎలా చేస్తున్నాయో సమీక్షించడం, కావలసిన సమాచారం తెప్పించుకోవడం ఆ కమిషనర్ బాధ్యత. ఉత్తర ఐర్లాండ్ 2011లో అలాంటి చట్టమే చేసుకుంది, దాని విలువ అక్కడ మరింత స్పష్టంగా తేలింది. బెల్‌ఫాస్ట్ దగ్గర డన్‌మరీ మేనర్ అనే సంరక్షణ గృహంలో తమవాళ్లను సరిగా చూడడం లేదని కుటుంబాలు మొత్తుకున్నాయి. ఆ గృహాన్ని తనిఖీ చేసే నియంత్రణ సంస్థ ఉంది, వృద్ధులను అక్కడ చేర్పించిన ఆరోగ్య ట్రస్టులున్నాయి. కమిషనర్ ఎడ్డీ లించ్ చట్టం ఇచ్చిన అధికారంతో విచారణ జరిపి 2018 జూన్‌లో 59 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. గృహం నడిపినవాళ్లతో పాటు, వాళ్లను కనిపెట్టి ఉండాల్సిన సంస్థలను కూడా అది తప్పుపట్టింది. తనిఖీ శాఖ తనమీద తానే ఇలాంటి నివేదిక రాసుకోదు. కమిషనర్ సిఫారసు కోర్టు తీర్పు కాదు, నిజమే. అయినా దాన్ని పక్కనపెట్టాలంటే పేరు పెట్టి, కారణం చెప్పి పెట్టాలి. మన పాలనలో లేనిది అదే.

పాఠకులు ఈపాటికి నవ్వుకుంటూ ఉండవచ్చు. మన దగ్గర కమిషన్ అంటే ఓడిపోయిన నాయకుడికి కారు, క్వార్టరు, గుమ్మం ముందు బోర్డు. ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. 2025 మార్చిలో చట్టం చేసి దేశంలో తొలి వయోవృద్ధుల కమిషన్ పెట్టిన కేరళ కూడా మొదటి అధ్యక్షుడిగా అప్పటి పాలక పక్షానికే చెందిన రాజ్యసభ మాజీ సభ్యుడిని ఎంచుకుంది. ఆయన సమర్థుడే కావచ్చు, కానీ ప్రభుత్వాన్ని అడగాల్సిన కుర్చీకి అది సరైన ఆరంభం కాదు. అంతకుముందే అస్సాంలో వచ్చిన ప్రణామ్ కమిషన్ మరో రకం: తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగి జీతంలో 10 శాతం కోసి వాళ్లకు ఇప్పిస్తుంది. కొడుకు కూలీ అయిన తల్లికి అందులో ఏమీ లేదు. ఇక పదవి పెట్టి ఖాళీగా ఉంచే విద్య మనకు బాగా వచ్చు. తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేకుండా గడిపింది. అందుకే ఈ జాగ్రత్తలన్నీ చట్టంలోనే ఉండాలి. ఎంపిక కమిటీలో ప్రతిపక్ష నేత, హైకోర్టు న్యాయమూర్తి ఉండాలి. గత అయిదేళ్లలో పార్టీ పదవి చేసినవారు పనికిరారు. పదవీకాలం ఒక్కటే విడత, పొడిగింపు ఉండదు. నివేదిక సభ ముందుకు వచ్చిన మూడు నెలల్లో ప్రభుత్వం జవాబివ్వాలి. సభ్యుల పటాలం అక్కర్లేదు, ఒక కమిషనరు, చిన్న కార్యాలయం చాలు. ఇవేమీ లేని చట్టం తెచ్చేకంటే తేకపోవడమే మేలని నేనంటాను.

నాకు బరువుగా తోచే అభ్యంతరం వేరే ఉంది. వృద్ధులంతా ఒకటి కాదు. పెన్షనర్ల సంఘాలకు లెటర్‌హెడ్లున్నాయి, పత్రికలకు ఉత్తరాలు రాసే చేయి తిరిగినవాళ్లున్నారు. 2020 మార్చిలో ఆపేసిన రైల్వే రాయితీ, మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం, తిరిగి ఇవ్వాలన్న డిమాండు అందుకే తరచూ వినిపిస్తుంది. న్యాయమైన డిమాండే. కానీ పేద వృద్ధుల పింఛనులో ఎనభై లోపువారికి కేంద్రం ఇచ్చే వాటా దాదాపు రెండు దశాబ్దాలుగా 200 రూపాయల దగ్గరే నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 4,000, తెలంగాణలో 2,016 అందుతున్నాయంటే మిగతాదంతా రాష్ట్రాలు వేసుకున్నదే. ఆ 200 గురించి ఎవరు ఉత్తరం రాస్తారు? నాట్లు వేసి, గిన్నెలు తోమి వేళ్ల గీతలు అరిగిపోయిన మనిషికి మిషన్ మీద వేలిముద్ర పడదు. ఆధార్ తీసిన రోజు ఎవరో ముఖం చూసి వేసిన పుట్టిన సంవత్సరం వల్ల పింఛను వయసు ఇంకా రాలేదంటారు. ఆమెకు సంఘం లేదు. కాబట్టి కమిషనర్ గొంతున్నవాళ్ల అర్జీలకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు, అర్జీ వస్తేనే కదలాలన్న నియమం లేకుండా తనంతట తాను విచారణ చేపట్టే అధికారం.

ముసలివాళ్లను చూసుకోవడం కుటుంబం పని, సర్కారుకెందుకు అనేవాళ్లకు ఒకటే మాట: పింఛను మిషనూ, ఆసుపత్రి వరసా కొడుకు చేతిలో లేవు. పైగా కొడుకు చాలా ఇళ్లలో డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్నాడు. 2011 జనగణన నాటికి దేశంలో అరవై దాటినవారు 10.38 కోట్లు, 2036 నాటికి 22 కోట్లు మించుతారని ప్రభుత్వ నిపుణుల బృందమే అంచనా వేసింది. దక్షిణాది ఇంకా ముందే ముసలిదవుతుంది. ఆ భయంతోనే ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసింది. ఇవాళ పుట్టే బిడ్డ సంపాదనకు రావడానికి పాతికేళ్లు పడుతుంది. కమిషనరు వస్తే తొలి ఏడాది రెండు లెక్కలు శాసనసభ ముందు పెట్టాలి. 2007 చట్టం కింద ఒక్కో డివిజన్‌లో వచ్చిన అర్జీలెన్ని, 90 రోజుల గడువులో తేలినవెన్ని, ఇచ్చిన ఉత్తర్వుల్లో డబ్బు నిజంగా చేతికందినవెన్ని అన్నది మొదటిది. అదే చట్టం జిల్లాకొకటి చొప్పున ఊహించిన 150 పడకల వృద్ధాశ్రమాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్నది రెండోది.